కాగితం తెలుగులో చదివాకే నదిలోకి

ఒకటిన్నర పేజీ కాగితం. సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. అడుగున తల్లి లేదా తండ్రి సంతకానికి ఒక గీత. పోయిన ఏడాది మా తొమ్మిదో తరగతి పిల్లల్ని దాండేలి దగ్గర కాళీ నది మీద రాఫ్టింగ్‌కు తీసుకెళ్దాం అనుకున్నప్పుడు అక్కడి నిర్వాహకులు వాట్సాప్‌లో పంపిన అంగీకార పత్రం అది. జిరాక్సులు తీసి పిల్లల చేతికిచ్చి పంపాం. మర్నాటికల్లా చాలా వరకు సంతకాలతో తిరిగొచ్చాయి. ఒక్క తల్లి మాత్రం కాగితం పట్టుకుని బడికే వచ్చింది. "ఇందులో ఏం రాశారో చదివి చెప్పండి టీచరుగారూ, సంతకం పెట్టి పోతాను" అంది.

చదివి చెప్పబోయి మేమే ఆగిపోయాం. రెండో పేరాలో, గాయమైనా, అంగవైకల్యం కలిగినా, ప్రాణం పోయినా నిర్వాహకులకు బాధ్యత లేదని ఉంది. అప్పటిదాకా మాలో ఎవరూ ఆ పేరా వరకు చదవలేదు. సంతకాలు చేసి పంపిన తల్లిదండ్రుల్లో ఎందరు చదివి ఉంటారో అడగాల్సిన పనే లేదు. మేం పంపాం కాబట్టి వాళ్ళు పెట్టారు. బడి మీద నమ్మకం అంటే అదే. ఆ నమ్మకాన్ని మేం ఎంత తేలిగ్గా వాడుకున్నామో ఆ రోజు తెలిసింది.

సంతకాలు పెట్టిన కాగితాలన్నీ పక్కన పెట్టి, దాన్ని తెలుగులోకి మార్చి, మళ్ళీ ఇంటింటికీ పంపాం. ఒక్క వాక్యం మెత్తబరచలేదు. ముగ్గురు తల్లులు పిల్లల పేర్లు వెనక్కి తీసుకున్నారు. వారిలో ఒకరు వారం తరువాత వచ్చి, ఓ పది ప్రశ్నలు వేసి, మళ్ళీ పేరు రాయించారు. మిగతా ఇద్దరూ రాయించలేదు. తోటి టీచర్లలో కొందరు "అనవసరంగా భయపెట్టాం" అన్నారు. మా ఉద్దేశంలో అది భయపెట్టడం కాదు. తెలుగు బడి అని బోర్డు పెట్టుకుని, పిల్లవాడి ప్రాణానికి సంబంధించిన కాగితం మాత్రం తల్లికి రాని భాషలో ఇచ్చి సంతకం తీసుకుంటే ఆ బోర్డుకు అర్థమేముంది?

మేం ఉన్నది తుంగభద్ర ఎడమ కాలువ కింద. యాభై, అరవైలలో కృష్ణా, గోదావరి, నెల్లూరు వైపుల నుంచి వచ్చి పొలాలు కొని స్థిరపడ్డవారి క్యాంపులు మా చుట్టూ ఉన్నాయి. ఈ పిల్లల తాతలు బండ్లు కట్టుకుని వచ్చారు. వీళ్ళు కన్నడ వీధిలో నేర్చుకుంటారు, తెలుగు ఇంట్లోనూ బడిలోనూ. మా బడి విహారయాత్ర అంటే ఏళ్ళ తరబడి హంపి, లేకపోతే తుంగభద్ర డ్యామ్, కాస్త డబ్బులు పోగైన ఏడాది మంత్రాలయం. హంపి తక్కువదని కాదు. కానీ మా పిల్లలు పెళ్ళిళ్ళకు వెళ్ళినా, చుట్టాలొచ్చినా, పనిలేక సైకిలెక్కినా వెళ్ళేది హంపికే. పక్క వీధిలోని ఇంగ్లీషు మీడియం స్కూలు పిల్లలు మాత్రం దాండేలి వెళ్ళొచ్చి ఫోనుల్లో వీడియోలు చూపిస్తుంటారు. మా ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఒకసారి అందరి ముందూ అడిగాడు: "మన బడి గుడికీ డ్యాముకీ తప్ప ఇంకెక్కడికీ పోదా సార్?" ఏటా అడ్మిషన్లు లెక్కపెట్టుకునే మాలాంటి బడులకు ఆ ప్రశ్న ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

నిజం చెప్పాలంటే మా మొదటి కారణం పోటీయే. అది మంచి కారణం కాదని పని మొదలుపెట్టాక తెలిసింది. పోటీ కోసం వెళ్ళేవాళ్ళు వీడియో కోసం వెళ్తారు. వీడియో కోసం వెళ్ళేవాళ్ళు కాగితం చదవరు.

అసలు పిల్లల్ని నది మీదికి తీసుకెళ్ళాలా అనే ప్రశ్న పేరెంట్స్ మీటింగులో గట్టిగానే వచ్చింది. రావాలి కూడా. 2014 జూన్ 8న హైదరాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాల నుంచి హిమాచల్ ప్రదేశ్ విహారయాత్రకు వెళ్ళిన 24 మంది విద్యార్థులు మండి జిల్లాలో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వాళ్ళు రాఫ్టింగ్ చేయలేదు, పడవ ఎక్కలేదు. నీళ్ళు తక్కువగా ఉన్న నదిలో రాళ్ళ మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. పైన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్ళు వాళ్ళు ఒడ్డుకు చేరేలోగా వచ్చేశాయి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగి యాభై మంది దాకా పోయారు. 2024 జనవరిలో వడోదరలో ఒక బడి పిల్లలు చెరువులో పడవ షికారుకు వెళ్తే 12 మంది పిల్లలూ ఇద్దరు టీచర్లూ మునిగి చనిపోయారు. అదే ఏడాది డిసెంబరులో మన కోలారు జిల్లా ముళబాగిలు వైపు నుంచి మురుడేశ్వరం వెళ్ళిన రెసిడెన్షియల్ స్కూలు అమ్మాయిలు నలుగురు సముద్రంలో పోయారు.

ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. వీటిలో ఏదీ రాఫ్టింగ్ కాదు. అన్నీ మామూలు షికార్లే, మనం మామూలుగా తీసుకెళ్ళే రకానివే. డ్యామ్ కిందికి, బోటు మీదికి, చెరువు గట్టుకు, బీచికి తీసుకెళ్ళేటప్పుడు మనలో ఎవరమూ అంగీకార పత్రం అడగం, లైఫ్ జాకెట్లు లెక్కపెట్టం. రాఫ్టింగ్ అంటే ఉలిక్కిపడే బడి యాజమాన్యమే అదే బస్సును ఏ జాగ్రత్తా లేకుండా సముద్రం ఒడ్డున ఆపుతుంది. అందుకే "నది వద్దు" అనేవారి మాట మాకు పూర్తిగా నచ్చలేదు. ప్రమాదం పేరులో ఉండదు. ప్రయాణం ఎలా ఏర్పాటు చేశామన్నదాంట్లో ఉంటుంది.

మీటింగులో ఒక తండ్రి లేచి, "మావాడు కాలువలో చేపపిల్లలా ఈదుతాడు మాస్టారూ, వాడికేం భయం?" అన్నాడు. ఆ మాటకు చాలా తలలు ఊగాయి. క్యాంపు పిల్లల్లో సగానికి పైగా కాలువలో ఈత నేర్చినవాళ్ళే. మాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది ఆ ధైర్యం చూసే. కాలువ వేరు, కొండల మధ్య నది వేరు. కాలువ అడుగు చదును, నీళ్ళు ఒకే వేగంతో ఒకే వైపు పోతాయి, రెండు వైపులా గట్టు ఉంటుంది. కాళీలో అడుగంతా బండరాళ్ళు. ఉరవడిలో పడ్డవాడు కాలువ అలవాటుతో లేచి నిలబడబోతే పాదం రెండు రాళ్ళ సందున ఇరుక్కుంటుంది, వెనక నుంచి నీళ్ళు మనిషిని ముందుకు వంచేస్తాయి. మోకాలి లోతు నీళ్ళు చాలు. అందుకే అక్కడ నేర్పే మొదటి పాఠం ఈత కాదు. పడితే వెల్లకిలా తిరగాలి, పాదాలు నీళ్ళు పోయే వైపు చాపి, కాలివేళ్ళు నీటిపైకి కనిపించేలా ఉంచాలి. రాయి ఎదురైతే ముందు తగిలేది చెప్పు, తల కాదు. నిలబడాలని అసలు అనుకోకూడదు. ఈత బాగా వచ్చినవాడికే ఈ సంగతి నేర్పడం కష్టమైంది. వాడి ఒళ్ళు వాడి మాట వినదు.

ఇక కాళీ సంగతి. ఈ నది ఉత్తర కన్నడ జిల్లాలోనే పుట్టి, ఆ జిల్లాలోనే కార్వార్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాండేలి నుంచి ఇంకాస్త పైకి వెళ్తే గణేశ్‌గుడి, దానికి ఆనుకుని సూపా డ్యామ్. 101 మీటర్ల ఎత్తు. రాఫ్టింగ్ జరిగేది దాని దిగువన. అంటే ఆ నదిలో నీళ్ళు ఆకాశం నుంచి నేరుగా వచ్చేవి కావు, కరెంటు తయారుచేసే టర్బైన్లు తిరిగితే వచ్చేవి. డ్యామ్ కింద 50 మెగావాట్ల యంత్రాలు రెండున్నాయి. అవి ఎప్పుడు తిరుగుతాయో నిర్ణయించేది విద్యుత్ అవసరం. మన బస్సు టైముతో దానికి పనిలేదు. ఈ సంగతి మాకు ముందే తెలుసు. తెలిసీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ కథ కిందికి వస్తుంది.

నిర్వాహకుల ఎంపిక గురించి ఒక్క మాట. మొదట ఫోనులో మాట్లాడినవారు బడి పిల్లలంటే రాయితీ ఇస్తామన్నారు. రాఫ్టుకు ఎంతమందిని ఎక్కిస్తారని అడిగితే, "పెద్దవాళ్ళయితే ఎనిమిది మంది, పిల్లలే కదా, పదిమంది పడతారు" అన్నారు. అక్కడితో ఆపేశాం. అది రాయితీ కాదు, మన పిల్లల్ని బియ్యం బస్తాల్లా లెక్కేయడం. రెండోవారిని అడిగిన ప్రశ్నలు ఇవి: రాఫ్టు ఒంటరిగా పోతుందా, ఇంకో రాఫ్టో కాపలా కయాకో తోడుంటుందా? ఒక్కో రాఫ్టులో విసిరే తాడు సంచి ఉందా? పద్నాలుగేళ్ళ పిల్లలకు సరిపోయే సైజు లైఫ్ జాకెట్లు, హెల్మెట్లు ఎన్ని ఉన్నాయి? గైడుకు ప్రథమ చికిత్స వచ్చా? దగ్గరి ఆస్పత్రికి అడవి రోడ్డు మీద ఎంతసేపు, బండి ఒడ్డున సిద్ధంగా ఉంటుందా? ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చినవారినే తీసుకున్నాం. ధర కాస్త ఎక్కువే పడింది. ప్రపంచమంతటా నదుల ఉరవడిని ఒకటి నుంచి ఆరు దాకా తరగతులుగా లెక్కపెడతారు. ఆరు అంటే ప్రాణాల మీదికే. కాళీలో మామూలుగా చెప్పేది రెండు, మూడు. మూడంటే మొదటిసారి వచ్చే పిల్లలకు అంతకు మించి అక్కర్లేదు. పద్నాలుగేళ్ళు నిండనివారిని తీసుకెళ్ళలేదు, వాళ్ళ నాన్నలు ఎంత బతిమాలినా.

జాకెట్ పరీక్ష ఎవరైనా చేయవచ్చు. తొడిగి, బకిల్సు బిగించాక రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి పైకొస్తే అది ఆ పిల్లకు సరిపోదు. మొహమాటం లేకుండా మార్పించండి. మేం మొత్తం ఆరు మార్పించాం.

ఇప్పుడు భాష. మేం చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే జరగబోయి ఆగింది. తెలుగు బడి టీచర్లం కదా, పిల్లలకు అన్నీ తెలుగులోనే ఉండాలని పట్టుదల. రాఫ్టులో గైడు ఇచ్చే ఆజ్ఞలను తెలుగు చేశాం. ముందుకు, వెనక్కి, ఆపు, పట్టుకో, దిగి కూర్చో. ఒక్కో రాఫ్టులో ఒక టీచరు ఉంటారు, గైడు ఇంగ్లీషులో అరిస్తే టీచరు తెలుగులో అరుస్తారు అనుకున్నాం. బడి ఆవరణలో బెంచీలు రెండు వరుసలుగా వేసి, చీపురు కర్రలు తెడ్లుగా పట్టించి రిహార్సల్ కూడా చేశాం. మా పీటీ మాస్టారు మాత్రం స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డారు. ఆజ్ఞకూ అనువాదానికీ మధ్య రెండు సెకన్లు పోతున్నాయన్నారు. అప్పటికి సగం మంది ముందుకు, సగం మంది వెనక్కి తెడ్డు వేస్తున్నారు. రాళ్ళ మధ్య రెండు సెకన్లంటే రాఫ్టు అడ్డం తిరగడానికి సరిపోతుంది.

అందుకని మనసు మార్చుకున్నాం. ఆజ్ఞలు గైడు నోటి మాటలే: ఫార్వర్డ్, బ్యాక్, స్టాప్, హోల్డ్ ఆన్, గెట్ డౌన్. వాటిని తెలుగు చేయకూడదు. కానీ ఒక్కొక్క మాటకు ఎందుకు అన్నది తెలుగులోనే చెప్పాలి. గెట్ డౌన్ అంటే ఎందుకు రాఫ్టు లోపలికి జారి కూర్చోవాలో, అంచు చుట్టూ ఉన్న తాడును ఏ చేత్తో పట్టుకోవాలో, తెడ్డు పిడి మీద నుంచి అరచెయ్యి ఎందుకు తీయకూడదో (తీస్తే ఆ పిడి పక్కవాడి పళ్ళు రాలగొడుతుంది) ఇవన్నీ అమ్మ భాషలో చెబితేనే ఒంటికి ఎక్కుతాయి. అయిదు ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టించడానికి అరగంట పట్టింది. వాటి వెనక సంగతి తెలుగులో చెప్పడానికి నాలుగు పీరియడ్లు పట్టింది. మాకు దొరికిన గైడుల్లో ఒకతను నేపాలీ, ఇంకొకరు కొంకణి మాట్లాడే స్థానికులు. ఒడ్డున వాళ్ళు హిందీలో ఇచ్చిన పది నిమిషాల ఉపన్యాసం మాత్రమే మా పిల్లలకు ఆధారమైతే ఏమయ్యేదో ఊహించడం ఇష్టం లేదు. పక్కన వేరే ఊరి బడి పిల్లలు అదే ఉపన్యాసం నవ్వుకుంటూ సెల్ఫీలు తీసుకుంటూ విన్నారు.

అమ్మాయిల విషయం. తొమ్మిదో తరగతిలో పేర్లు రాయించమంటే మొదటి వారం అబ్బాయిలవే వచ్చాయి, అమ్మాయిలవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. "మగపిల్లల్ని తీసుకెళ్ళండి సార్, ఆడపిల్లలకెందుకివన్నీ" అని ఒకామె. తడిసిన బట్టలు, బట్టలు మార్చుకునే చోటు, నెలసరి, పక్కన మగ గైడు. అడగని ప్రశ్నలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. అవి తప్పు ప్రశ్నలు కావు. మా లెక్కల టీచరమ్మ, తెలుగు టీచరమ్మ ఇంటింటికీ తిరిగారు. చున్నీ వద్దు, లెగ్గింగూ పొడుగు చేతుల టీ షర్టూ చాలు, జీన్సు నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది కాబట్టి వద్దు, బట్టలు మార్చుకోవడానికి తలుపు గడియ పడే గది ఉందని ఫోటో తెప్పించి చూపించాం, అమ్మాయిల రాఫ్టులో మేమే ఉంటాం అని చెప్పారు. పదిహేను మంది అమ్మాయిల పేర్లు వచ్చాయి. ఆలస్యంగా వచ్చాయి. ఆ ఆలస్యమే వాళ్ళ కొంప ముంచింది, మా చేతుల మీదుగా.

వెళ్ళింది 39 మంది పిల్లలం, ఏడుగురు టీచర్లం. 24 మంది అబ్బాయిలు, 15 మంది అమ్మాయిలు. నాలుగు రాఫ్టులు, ఒక్కోదానిలో ఏడుగురు పిల్లలు, ఒక టీచరు, గైడు. మొదటి బ్యాచ్ 28 మంది, రెండో బ్యాచ్ 11 మంది. ఎవరు ఏ బ్యాచ్ అన్నది పేర్లు ఇచ్చిన వరుసలో పెట్టాం. అందరికీ ఒకే న్యాయం అనుకున్నాం. రెండో బ్యాచ్ పదకొండు మందిలో ఎనిమిది మంది అమ్మాయిలే అయ్యారన్నది రాసుకున్నప్పుడు ఎవరి కంటా పడలేదు.

లాడ్జి ఖర్చు మిగులుతుందని పొద్దున అయిదింటికి బయల్దేరాం. హుబ్బళ్ళి, ధారవాడ, హళియాళ మీదుగా వెళ్ళేసరికి పదకొండు. పదకొండున్నరకు నదిలోకి దిగాలి. నీళ్ళు రాలేదు. డ్యామ్ నుంచి ఆ రోజు ఆలస్యంగా వదిలారు. రాళ్ళు తేలిన నదిని చూస్తూ రెండు గంటలకు పైగా కూర్చున్నాం. పిల్లల్ని ఒక్కరినీ నదిలోకి దిగనివ్వలేదు. బియాస్ కథ వాళ్ళకు ముందే చెప్పి ఉన్నాం కాబట్టి ఎవరూ అడగలేదు కూడా. ఆ రెండు గంటలూ వృథా అని మేం అనం. చెట్ల మీద పెద్ద ముక్కు పక్షులు కనబడ్డాయి. దాండేలి అడవుల్లో నాలుగు రకాల హార్న్‌బిల్లులుంటాయి, వాటి కోసమే 2011లో అక్కడ ఒక సంరక్షణ ప్రాంతం ప్రకటించారు. సూపా డ్యామ్ నీళ్ళ కింద పాత సూపా ఊరు మునిగి ఉందని, ఆ తాలూకాకే ఇప్పుడు జోయిడా పేరు మిగిలిందని, మునిగినవారికి రామనగర్‌లో చోటిచ్చారని చెబితే క్యాంపు పిల్లలు శ్రద్ధగా విన్నారు. ఊరు వదిలి రావడం వాళ్ళ ఇళ్ళలో ఇంకా మాట్లాడుకునే సంగతే.

నీళ్ళు వచ్చేసరికి రెండు కావస్తోంది. దిగే ముందు, కాలువలో చేపపిల్ల అన్న కుర్రాడే "నాకొద్దు సార్" అన్నాడు. ఒడ్డున ఎవరైనా వద్దనవచ్చని, కారణం అడగబోమని, అలా ఆగినవారు లెక్కల పుస్తకం పట్టుకుని దిగినవారి పేర్లు, వచ్చినవారి పేర్లు టిక్కు పెట్టే పని చేస్తారని ముందే నియమం పెట్టుకున్నాం. ఎవరూ వాణ్ణి ఏడిపించలేదు. వాడి చోటు జాబితాలో తరువాతి పేరుకు, ఒక అమ్మాయికి వెళ్ళింది. ఆ నియమం లేకపోతే వాడు సిగ్గుకొద్దీ ఎక్కేవాడు. భయంతో బిగుసుకుపోయిన పిల్లవాడు రాఫ్టులో మిగతా ఆరుగురికీ ప్రమాదమే.

మొదటి బ్యాచ్ వెళ్ళింది, వచ్చింది. ఒకమ్మాయి, ఒకబ్బాయి నీళ్ళలో పడ్డారు. వెల్లకిలా తిరిగి, పాదాలు చాపి, తాడు వచ్చే దాకా అలాగే ఉన్నారు. నాలుగు పీరియడ్లు ఊరికే పోలేదు. ఆ పావుగంట గురించి పిల్లలు చెప్పుకునే కథలు ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి, అది వేరే.

వాళ్ళు జీపుల్లో తిరిగొచ్చేసరికి నాలుగున్నర. గైడు ఇక కొత్త బ్యాచ్‌ను దింపనన్నాడు. లోయలో చీకటి తొందరగా పడుతుంది, చీకట్లో నీళ్ళలో పడ్డ పిల్లను వెతకలేనన్నాడు. మేం బతిమాలాం. ఒప్పుకోవాలి, బతిమాలాం. సగం దూరమైనా తీసుకెళ్ళమన్నాం. అతను ఒప్పుకోలేదు. అతనికి ఇప్పుడు దణ్ణం పెడతాం. అప్పుడు మాత్రం కోపమొచ్చింది. జాకెట్లు తొడుక్కుని రెండున్నర గంటలుగా నిలబడ్డ పదిమంది పిల్లలు ఒక్కొక్క బకిలూ విప్పారు. అందులో ఏడుగురు అమ్మాయిలు. ఇంటింటికీ తిరిగి, తల్లుల్ని ఒప్పించి తెచ్చిన అమ్మాయిలే. తిరుగు ప్రయాణంలో బస్సు ముందు సగం పాటలు, వెనక సగం నిశ్శబ్దం. ఒక తల్లి మర్నాడు ఫోను చేసి అరవలేదు, "పోన్లెండి టీచరుగారూ, ఆడపిల్లలకు ఎప్పుడూ మిగిలేదే మిగిలింది" అంది. అరిచినా బాగుండేది.

నిర్వాహకులు ఆ పదిమంది డబ్బులో కొంత వెనక్కిచ్చారు. మిగతాది మేం వేసుకున్నాం. తప్పు నీళ్ళది కాదు, డ్యాముదీ కాదు, గైడుదీ కాదు. ఒక రాత్రి లాడ్జి ఖర్చు మిగిల్చుకోవాలని ప్రయాణం, రెండు బ్యాచ్‌లు, తిరుగు ప్రయాణం అన్నీ ఒకే రోజులో కుక్కిన మాది. పేర్లు ఇచ్చిన వరుసే న్యాయమనుకున్న మాది. ఇళ్ళలో ఎవరికి అనుమతి ఆలస్యంగా దొరుకుతుందో తెలిసి కూడా వరుసను నమ్ముకుంటే, ఇంట్లోని అన్యాయాన్నే బడి రిజిస్టరులోకి ఎక్కించినట్టు. ఈ పేజీ చదివే టీచర్లు రాఫ్టింగే చేయకపోయినా, రేపు సైన్సు ఎగ్జిబిషన్‌కో క్రీడాపోటీలకో జాబితా రాసేటప్పుడు ఆ కాగితం ఒకసారి అమ్మాయిలెందరు, ఏ వరుసలో అని చూడమని మనవి.

కాళీ అందరికీ దగ్గర కాదు. షోలాపూర్, ముంబయి వైపు తెలుగు బడులకు కోలాడ్ దగ్గర కుండలిక ఉంది. అక్కడా నీళ్ళు భీరా విద్యుత్ కేంద్రం వదిలితేనే, కాబట్టి మా పాఠమే అక్కడా. హోసూరు, కృష్ణగిరి వారికి హొగెనకల్‌లో పుట్టి ప్రయాణం ఉంది. కావేరికి వరద పెరిగితే పుట్టెలు ఆపేస్తారు, ఆపిన రోజు అడ్డదారిన దింపుతామనేవారు ఉంటారు, వాళ్ళ మాట వినకండి. యానాం వారికి గోదావరి ఇంటి ముందే ఉంది, పాపికొండల బోటు ఎక్కే ముందు జాకెట్లు లెక్కపెట్టుకోవడం వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరెక్కడికి వెళ్ళినా దాండేలి ఊళ్ళో మాత్రం కాళీలో కాళ్ళు కడుక్కుందామని దిగకండి, అక్కడ మొసళ్ళున్నాయి.

ఈ ఏడాది మళ్ళీ వెళ్తున్నాం. నవంబరులో, ముందు రోజు రాత్రి దాండేలిలో బస, మొదటి రాఫ్టు పొద్దున, మధ్యాహ్నం మొత్తం ఖాళీ, నీళ్ళు ఆలస్యమైతే అది మన జేబులో ఉంటుంది. ఖర్చు పెరిగింది. పాత విద్యార్థులు కొందరు ఇస్తామన్నారు. చాలకపోతే తక్కువ మందిని తీసుకెళ్తాం గానీ రాత్రి బస మానం. చిక్కొకటి ఉంది. పోయినసారి ఒడ్డున మిగిలిపోయిన ఆ ఏడుగురు అమ్మాయిలు ఇప్పుడు పదో తరగతి. పదో తరగతిని విహారయాత్రకు తీసుకెళ్ళకూడదన్నది మా బడి పాత ఆనవాయితీ. యాజమాన్య కమిటీలో రెండుసార్లు చర్చయింది. రెండు రోజుల పాఠం వచ్చే ఆదివారం చెప్పేస్తామని రాసిచ్చాక ఒప్పుకున్నారు. మొదటి రాఫ్టు వాళ్ళదే.

అయిదుగురి పేర్లు వచ్చాయి. ఒకమ్మాయి కుటుంబం పొలం అమ్మేసి క్యాంపు వదిలి వెళ్ళిపోయింది. ఇంకొకరి ఇంట్లో "పదో తరగతి కదా, ఎందుకిప్పుడు" అంటున్నారు. ఈ ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాం, తెలుగు కాగితం పట్టుకుని.